కారు తుడుచు గుడ్డ

ఇట్టి చిన్నవిషయమును గూర్చి వ్రాయుట కేమున్నదని సోదరీమణులు నవ్వవచ్చును. కాని యీ చిన్నవిషయముననే నేనొక యన్యాయము చేసితిని. కావున సిగ్గు విడిచి వ్రాయుచున్నాను.

మా పెద్దబ్బాయి బ్యాంకి బాకీతో కారు కొని రెండు సంవత్సరములైనది. నల్లని కారు. మా అత్తగారు పూర్వము పాడియావును చూచుకొన్నట్లు నేను దానిని చూచుకొనుచుంటిని. మాది రాజమహేంద్రవరము. ఇసుక లారీలు మా వీధినే పోవును. తెల్లవారుసరికి కారుపై వ్రేలితో పేరు వ్రాయదగినంత దుమ్ము చేరును. దానిని తుడుచుటకు ప్రక్కవీధి కుఱ్ఱవాడొకడు ప్రతిదినము వచ్చును. నాలుగిండ్ల కార్లు తుడిచి, ఆ డబ్బుతో చదువుకొనుచున్నవాడు.

సంక్రాంతి పండుగనాడు ఎండలో కారు నిలిపియుండగా, బానెట్టుపై సాలెగూటివలె గుండ్రని గీతలు కనబడినవి. నాకు కోపమాగలేదు. మరునాడు వాడు రాగానే, "రాయి పెట్టి రుద్దితివా యేమిరా?" అని గద్దించితిని. "తమరిచ్చిన గుడ్డతోనే తుడిచానండి, అమ్మగారూ" అని వాడు మెల్లగా బదులు చెప్పెను. ఎదురు చెప్పుచున్నాడని తలచి ఆ నెల జీతములో 300 రూపాయలు తగ్గించితిని. వాడు తలవంచుకొని పోయెను.

కొన్నిదినములకు ఆ గుడ్డను ఆరవేయుచు నూరక దాని యంచు చూచితిని. అది నా పాత వెంకటగిరి చీర ముక్క. నూలు వెన్నవలె మెత్తనిదే. కాని యంచున జరీ యున్నది! నా గుండె ఝల్లుమన్నది. ఇంటిలో మూలబడియున్న పాత సీడీ నొకదానిని తీసి, మెఱయు వైపున ఆ జరీతో నాలుగుసార్లు రుద్దితిని. గీతలు పడినవి. జరీలేని నడిమి ముక్కతో మఱియొక చోట రుద్దితిని, పడలేదు. అంతటితో నూరకుండక, కారుపై దుమ్ము చిటికెడు తెచ్చి చల్లి, అదే మెత్తని ముక్కతో రుద్దితిని. మరల గీతలే!

అనగా దోషములు రెండు: జరీ గుడ్డ యొకటి, పొడిగా తుడుచుట రెండవది. గుడ్డ నిచ్చినదానను నేను. "నీళ్లు పాడుచేయక పొడిగుడ్డతో తుడువుము" అని చెప్పినదానను నేనే.

కారు రంగుపైన గాజువంటి పలుచని పొర యొకటి యుండును. దాని మందము సుమారు మిల్లీమీటరులో ఇరువదవ వంతు మాత్రమే. ఇసుకరేణువు గాజునే గీయగలిగినది. ఆ పొర దానికొక లెక్కయా? గీతలను మెఱుగుపెట్టి పోగొట్టవచ్చును గాని, మెఱుగుపెట్టినప్పుడెల్ల ఆ పొరయే కొంత యరిగిపోవును. కావున ముందుగా ధారాళముగ నీళ్లు పోసి దుమ్మును జార్చిన పిమ్మటనే గుడ్డ తాకవలెను.

ఇక గుడ్డ మాట. మైక్రోఫైబరు గుడ్డ యని అంగళ్లలో దొరకునది యిందుకు మేలైనది. పాలియెస్టరు, నైలాను పోగులను మిక్కిలి సన్నముగ చీల్చి నేసినందున, ధూళి ఆ పోగులసందున చిక్కుకొనును, రంగుపై నొరసికొనదు. దట్టమైన కుచ్చుగలదానిని ఎంచుకొనవలెను. అంచున గట్టి కుట్టుగాని, చీటీగాని యున్నచో కత్తిరించి తీసివేయవలెను. పాత చొక్కాలు వాడువారు గుండీలను మఱువరాదు. సిల్కు చీరవంటి నైలాను గుడ్డలు నీటిని పీల్చవు. ఉప్పునీటిలో నుతికి ఎండలో బిరుసెక్కిన తువాలు పనికిరాదు. అంట్లు తోము పీచు మాట చెప్పనే యక్కరలేదు. పాత నూలు పంచె ముక్కలు కారు లోపలి చాపలకు, తలుపు సందులకు చాలును.

చక్రముల గుడ్డ వేఱుగా నుండవలెను. బ్రేకులనుండి రాలు ఇనుపపొడి దానికంటుకొనియుండును. అందుకై నేనిప్పుడు పైభాగమునకు నీలము, అద్దములకు పచ్చ, చక్రములకు ఎఱుపు అని రంగులచే గుర్తుపెట్టితిని. నేలపై పడిన గుడ్డను ఉతికినగాని మరల కారుపై పెట్టరాదు. మైక్రోఫైబరు గుడ్డలను నూలుబట్టలతో కలిపి యుతికినచో నూగు పట్టును. బట్టలు మెత్తబడుటకు వేయు ద్రవము పోసినచో పోగులు మూసికొని పీల్చుగుణము పోవును. వేడినీరు, ఇస్త్రీ వానికి పడవు. నీడను ఆరవేయుట మంచిది.

ఇదంతయు తెలిసికొన్న మరునాడు కుఱ్ఱవానిని పిలిచి, "తప్పు నాది నాయనా" అని చెప్పి 300 రూపాయలు చేతిలో పెట్టితిని. వాడు చాలసేపు మాటాడలేదు. తుదకు, "అయితే ఇకమీదట ముందు నీళ్లు పోయవచ్చునాండి, అమ్మగారూ?" అని యడిగెను.

వానికి మొదటినుండియు తెలియును! చెప్పుటకు నేను సందీయలేదు. కారుపై గీతలింకను కొన్ని కలవు. మెఱుగుపెట్టించెదనని అబ్బాయి యన్నను నేనే వలదంటిని. పనివారిపై నోరు చేసికొనుటకు ముందు, వారి చేతికి మనమేమి యిచ్చితిమో చూచుకొనుమని అవి నాకు ప్రతి ఉదయమును చెప్పుచున్నవి.