గురి పుట్టుకతో వచ్చునా?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మనవారి సామెత. అమెరికా ఫుట్‌బాలునందు బంతిని తోడివానికి విసరు క్వార్టర్‌బ్యాక్ గురిని గూర్చి యచ్చటి పండితులు పలువు రిట్లే చెప్పుచుందురు. ఎత్తులు నేర్పవచ్చును గాని గురి నేర్పిన రాదట! ఈ మాట యెంతవఱకు నిజమో మేము నివసించు బఫెలో పట్టణపు జట్టును జూచి విచారించితిమి.

బఫెలో బిల్స్ జట్టు 1991 మొదలు 1994 వఱకు వరుసగా నాలుగు సూపర్ బౌల్ పోటీలలో నోడినది. 2000 మొదలు 2016 వఱకు పదునేడేండ్లు ప్లేఆఫ్ పోటీల ముఖమే చూడలేదు. అట్టి జట్టునకు 2018లో వయోమింగ్ విశ్వవిద్యాలయమునుండి జాష్ ఆలెన్ వచ్చెను. చేయి ఫిరంగి, గుండెక్కడ పడునో యెవ్వరికిని దెలియదు. ఆ యేట నతని విసరులలో నూటికి 52.8 మాత్రమే తోడివారికి జిక్కినవి. టచ్‌డౌనులు 10, ఎదుటివారి పాలైనవి 12. ఇతడు మనకు జాలడని మేమంటిమి; కంటికి గనబడినదానినిబట్టి వేఱొక తీర్పునకు దావు లేదు. 2020 జనవరిలో హ్యూస్టన్‌నందు 16-0 ఆధిక్యముతో నుండి 22-19గా నోడిన యాటలో, చివరి క్షణముల నతడు పరుగెత్తుచు బంతిని గ్రుడ్డిగా ప్రక్కకు విసరివేయగా మా పొరుగింటి పెద్దాయన లేచి వెళ్లిపోయెను.

పిదప నేమి జరిగెను? జోర్డన్ పామర్ అను శిక్షకునియొద్ద నతడు విరామకాలములందు విసరు తీరును దిద్దుకొనెను. స్టెఫన్ డిగ్స్ వంటి నేర్పరి మినెసోటానుండి వచ్చుటయు మేలు చేసెను; ఆ పాలు తీసివేసి లెక్కించుట న్యాయము కాదు. నూటికి 2019లో 58.8, 2020లో 69.2. మొదటి నాలుగాటలు గెలిచినను మేము నమ్మలేదు. డిసెంబరులో, 1995 తరువాత మొదటిసారిగా, జట్టు తన విభాగమున బ్రథమస్థాన మందినప్పుడు ఇంక సందేహించుట మొండితనమే యనిపించెను.

ఇప్పుడు మా వీథిలో “మేము ముందే చెప్పితిమి” అననివారు లేరు. 2018లో వీరందఱు నెక్కడ నుండిరో! పదేండ్ల బాలుని జూచి “వీనికి లెక్కలు రావు” అని తేల్చివేయు మన యుపాధ్యాయులకు మాత్ర మీ మూడేండ్ల యంకెలను జూపవలెనని మాకు గోరిక.

2024 సంవత్సరపు పోటీలకు ఆలెన్ ఉత్తమ క్రీడాకారుడుగా నెన్నుకొనబడెను. మాకు మిక్కిలి జ్ఞాపకమున్నది మాత్రము 2022 జనవరి 23వ తేదీ రాత్రి. కాన్సాస్ సిటీలో జివరి రెండు నిమిషములలో నతడు రెండు టచ్‌డౌనులు విసరెను. ఆ యాటలో నొక్క బంతియు నెదుటివారికి జిక్కలేదు. ఆట సమమై యదనపు కాలమునకు బోయినది. నాణె మెగురవేయగా బందెము కాన్సాస్ సిటీకి బడెను. వారు మొదటి యవకాశముననే టచ్‌డౌను చేసిరి. ఆలెన్ చేతికి మరల బంతి రాలేదు. 42-36. ఈసారి పెద్దాయన లేవలేదు. ప్లేఆఫ్ ఆటల యదనపు కాలమున నిరుజట్లకును బంతి దక్కవలెనని లీగువారు ఆ మార్చి నెలలోనే నియమమును మార్చిరి.