డ్రిప్ ఎప్పటిదాకా?

బొంరాస్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో పత్తికి, కందికి మందు కొట్టే రోజులొస్తే మా వార్డుకు పురుగుల మందు కేసులు మొదలవుతాయి. కొందరు మనసు విరిగి తాగినవాళ్లు, కొందరు గాలికి ఎదురుగా స్ప్రే చేసి చేలోనే పడిపోయినవాళ్లు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి వాటికి అట్రోపిన్ వాడతాం. అది చవక మందు, పాత మందు. అయినా దానికి ఆర్డర్ రాసే దగ్గరే చిక్కులొస్తాయి.

ఒక రైతును వేరే ఆసుపత్రి నుంచి మా దగ్గరికి తెచ్చారు. "సార్, ఇషం దిగలే. రాత్రి నుంచి బట్టలు పీక్కుంటుండు, గాలిల ఏందో పట్టుకుంటుండు" అంది భార్య. ఒళ్లు కాలిపోతోంది. నోరు పిడచకట్టింది, పొట్ట ఉబ్బింది, పేగుల చప్పుడు లేదు. నాడి 140 దాటింది. ఊపిరితిత్తులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. విషం ఎప్పుడో అదుపులోకి వచ్చింది. ఆయన్ని బాధపెడుతున్నది అట్రోపినే.

వెంట వచ్చిన కేస్ షీట్‌లో ఒకటే ముక్క: "అట్రోపిన్ డ్రిప్ కంటిన్యూ." కింద డ్యూటీ మారిన ప్రతిసారీ ఒక సిస్టర్ సంతకం. రాసింది రాసినట్టే చేశారు వాళ్లు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. డ్రిప్ ఆపాం, ఒళ్లు చల్లబరిచాం, అరగంటకోసారి చూస్తూ కుదుటపడ్డాక తక్కువ వేగంతో మళ్లీ పెట్టాం. ఆయన కోలుకుని నడిచి ఇంటికెళ్లాడు.

మొదట 1.8 నుంచి 3 ఎంజీ ఇవ్వాలి, ఐదు నిమిషాల్లో ఛాతీ తేటపడకపోతే రెట్టింపు చేయాలి, తేటపడ్డాక అప్పటిదాకా ఇచ్చిన మొత్తంలో 10–20 శాతం గంటకు డ్రిప్‌గా పెట్టాలి. ఇది హౌస్ సర్జన్లకు కూడా కంఠతా వచ్చు. షీట్ మీదికి రానిది ఆ తర్వాతి భాగం. ఛాతీలో గురగుర ఉండకూడదు, నాడి 80 పైన, పై బీపీ 80 పైన ఉండాలి, చంకలు పొడిగా ఉండాలి. జ్వరం, పొంతనలేని మాటలు, పేగుల చప్పుడు ఆగిపోవడం కనిపిస్తే డ్రిప్ ఆపి డాక్టర్‌ను పిలవాలి. గురగుర తిరిగి మొదలైనా పిలవాలి. ఇంత రాస్తే అర్ధరాత్రి నలభై మందిని ఒంటరిగా చూసుకునే సిస్టర్‌కు ఏది ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది. ఆపే హక్కు కూడా ఆమెకు దక్కుతుంది. ఈ రెండోది నాకు ఇంకా ముఖ్యం.

2014లో నల్గొండ ఫార్మసిస్టు చిలుకూరి పరమాత్మ, మందుల చీటీలు పెద్దక్షరాల్లో రాయాలంటూ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2016లో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, మందుల జెనరిక్ పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని నిబంధన తెచ్చింది. ఆ పోరాటం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ "కంటిన్యూ" అన్న మాటను ఎంత పెద్దక్షరాల్లో రాసినా ఆ రైతుకు ఒరిగేదేమీ లేదు.

ఇంకో సంగతి. మా వైపు అట్రోపిన్ ఆంప్యూల్ 0.6 ఎంజీది. వార్డులో అందరూ ఆంప్యూళ్ల లెక్కలోనే మాట్లాడతారు. ఫోన్‌లో "మూడు ఇవ్వండి" అంటే, మూడు ఆంప్యూళ్లా, మూడు ఎంజీయా? మొదటిది 1.8 ఎంజీ, రెండోది అయిదు ఆంప్యూళ్లు. అందుకే మా సిస్టర్లు ఫోన్ పెట్టేయకుండా, "సార్, 3 ఎంజీ, అంటే 5 ఆంప్యూళ్లు, కరెక్టేనా?" అని తిరిగి అడుగుతారు, టైం వేసి రాసుకుంటారు. డాక్టర్ వచ్చాక దాని కింద సంతకం పెట్టాలి. అలా అడిగినందుకు విసుక్కునే డాక్టర్‌ను నేను గట్టిగానే మందలిస్తాను.

బొంరాస్‌పేట నుంచి 108లో కొడంగల్‌కో తాండూరుకో, అక్కడి నుంచి హైదరాబాద్‌కో వెళ్లే రోగి చేతులు మారుతూ పోతాడు. రెఫరల్ చీటీ మీద అట్రోపిన్ మొత్తం ఎన్ని ఎంజీ పోయిందో, ఆఖరి డోసు ఎన్ని గంటలకో, అప్పుడు ఛాతీ ఎలా ఉందో రాసుంటే, తర్వాతి చోట దిగీ దిగగానే డ్రిప్ వేగం లెక్కకట్టొచ్చు. "ట్రీటెడ్ అండ్ రిఫర్డ్" అని మాత్రమే ఉంటే ఆ లెక్క మొదటి ఆంప్యూల్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.