బీభత్స రసము – మా ఊరి వీడియో

గత సంవత్సరము డిగ్రీ రెండవ సంవత్సరము వారికి రసప్రకరణము చెప్పుచుండగా, వెనుక వరుసలోని ఒక విద్యార్థి లేచి, "సార్, భయానకము, బీభత్సము కూడా రసములే అన్నారు కదా. మరి దయ్యాల సినిమా చూసినమంటే మీరు నవ్వుతరెందుకు?" అని అడిగినాడు. తరగతి అంతయు గొల్లుమన్నది. మేమును నవ్వినాము. కాని ఆ ప్రశ్న ఇంటిదాకా మా వెంట వచ్చినది. శృంగార, వీర, కరుణములకు ఉదాహరణములు మా నాలుకపై ఉండును. భయానక బీభత్సముల వద్దకు వచ్చుసరికి స్థాయీభావములు భయము, జుగుప్స అని వ్రాయించి, గంట కొట్టువరకు కాలము గడుపుట మా వంటి అధ్యాపకులకు అలవాటు. పైగా అదే వారమున, వార్షికోత్సవమునకు ఒక సినిమా వేయవలెనని విద్యార్థులు అర్జీ పెట్టుకొనగా, అందులో 'పురానా మందిర్' పేరు చూచి కమిటీ పెద్దలు మా అభిప్రాయము అడిగినారు. నాడు నోటిమాటగా చెప్పిన దానిని ఇప్పుడు కొంత వివరముగా వ్రాయుచున్నాము.

ముందుగా ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఆ చిత్రమును మేము చూచినాము. ఒకసారి కాదు.

2001 దసరా సెలవులలో మొదటిసారి చూచినాము. మా ఊరు మర్కూక్ అప్పుడు మెదక్ జిల్లాలోని ఒక పల్లె. 2016లో సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైనది. 2020లో కొండపోచమ్మ సాగర్ నిండిన పిదప ఎక్కడెక్కడివారో నీళ్లు చూచుటకు వచ్చుచున్నారు. ఆనాడు మా ఊరికి ఎవరును రారు. సినిమా కావలెనన్న మేమే గజ్వేలుకు పోవలెను. ఆ యేడు మా వాడకట్టు యువకులు ఇంటింట చందా వసూలు చేసి, ఒక రంగుల టీవీని, వీడియోను కిరాయికి తెచ్చినారు. రాత్రంతయు మూడు సినిమాలు. మొదటిది పెద్దల కొరకు భక్తి చిత్రము. రెండవది పోరాటముల చిత్రము. మూడవది, ముసలివారు చద్దరు కప్పుకొని నిద్రపోయిన తరువాత, 'పురానా మందిర్'.

అది హిందీ చిత్రము. గుంపులో సగము మందికి మాటలు అర్థము కావు. మాకు ఇంట ఉర్దూ కనుక, పదకొండేండ్ల మమ్ములను టీవీ పక్కన కూర్చుండబెట్టి తెలుగులో చెప్పుమన్నారు. మా జీవితమున మేము చేసిన మొదటి అనువాదము అదియే. సామ్రి అను దుష్టుని తల నరికి ఒకచోట దాచి, మొండెమును మరియొకచోట పాతిపెట్టుదురు. వాడు చచ్చుచు రాజవంశమున పుట్టిన ఆడపిల్లలు ప్రసవమున మరణింతురని శపించును. ఇంతవరకు బాగుగనే చెప్పినాము. నడుమ నడుమ మాకును తెలియని పెద్ద మాటలు వచ్చినవి. తెలియదని చెప్పుటకు నామోషీ. మా సొంతముగా కొంత కల్పించి చెప్పినాము. "వీని చూపు పడితే బర్లు, ఆవులు నిలుచున్నకాడనే సస్తయట" అన్నాము. చిత్రములో అట్టి మాట లేదు. రైతులు కూర్చున్న గుంపు గదా, అందరును గప్‌చుప్ అయిపోయినారు. ఆ నిశ్శబ్దము మాకెంతో రుచించినది.

ఈ చిత్రమును తీసిన రామ్సే సోదరుల చరిత్ర ఆ సినిమా కన్న రసవత్తరమైనది. తండ్రి ఎఫ్.యు. రామ్సేకు కరాచీలో రేడియోల దుకాణము. దేశవిభజనతో బొంబాయి చేరినారు. ఏడుగురు కుమారులు. 1970లో 'ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ' అను చిత్రము తీసి నష్టపోయినారు. కాని అందులో వికృతమైన ముసుగు ధరించిన దొంగ దృశ్యమునకు మాత్రము జనము కేకలు వేయుచున్నారని కొడుకులు హాలులో కూర్చుండి గమనించినారు. ఆ ఒక్క దృశ్యము కొరకే జనము వచ్చునెడల, సినిమా అంతయు అదే ఏల కారాదు? అట్లు 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' వచ్చినది. ఒక అన్న దర్శకత్వము, మరియొక తమ్ముడు కెమెరా, ఇంకొకరు ధ్వని, ఇంకొకరు కథ. కూలి ఇంటిలోనే ఉండెను. ఆ పేరును గమనింపుడు. బహదూర్ షా జఫర్ పేరిట ప్రసిద్ధమైన గజల్‌లో, సమాధికి కూడ దొరకని రెండు గజముల నేల కలదు. మన ఉర్దూ శాఖ విద్యార్థులు దానిని కన్నీటితో చదువుదురు. రామ్సేలు ఆ రెండు గజముల క్రింద నుండి శవమును లేపినారు! సాహిత్యమునకు ఇట్టి వారసత్వము కూడ ఉండును.

తెలుగువారికి ఈ పొదుపు విద్య కొత్త కాదు. బి. విఠలాచార్య గారు తక్కువ ఖర్చుతో జానపద చిత్రములు తీసి జనమును మెప్పించినారు. 1978 నాటి 'జగన్మోహిని'లో దయ్యము తన కాళ్లనే పొయ్యిలో కట్టెలుగా పెట్టి వంట చేయును. దానికి ఎంత ఖర్చయి ఉండును? ఒక పొయ్యి, రెండు కొయ్యకాళ్లు, కొంచెము ధైర్యము. కాని ఆ దృశ్యము చూచినవారెవరును మరువలేదు. రోజూ కట్టెలు ఏరుకొను ఇల్లాండ్రు ఆ దృశ్యమునకు భయపడినారో, ముచ్చటపడినారో మేము చెప్పలేము.

ఇటలీ దేశపువారి చిత్రములు మాకు ఉస్మానియాలో ఎం.ఏ. చదువునప్పుడు పరిచయమైనవి. హాస్టలులో ఒక మిత్రుని కంప్యూటరు, చుట్టును ఎనమండుగురము. మారియో బావా అను ఆయన మొదట ఛాయాగ్రాహకుడు. 1957 నాటి 'ఇ వాంపీరి'లో ఒక సుందరి మన కన్నుల ముందే ముసలిదగును. కత్తిరింపు లేదు, యంత్రము లేదు. ముఖముపై ఒక రంగుతో ముడుతలు గీసి, అదే రంగు దీపము వేసినంతసేపు అవి కనబడవు; దీపము రంగు మార్చగానే నలుపు తెలుపు ఫిల్ములో ముడుతలు లేచి వచ్చును. మా మిత్రుడు ఈ రహస్యము చెప్పగా విని, ఆ దృశ్యమును మేము మరల నాలుగు పర్యాయములు చూచినాము. లూచియో ఫుల్చీ 1979లో తీసిన 'జోంబీ 2'లో సముద్రము అడుగున నడచు శవమునకు, నిజమైన సొరచేపకు పోరాటము జరుగును. ఆ '2' అంకెకు మొదటి భాగము లేదు. అమెరికా దేశపు చిత్రమొకటి ఇటలీలో 'జోంబీ' అను పేరుతో బాగుగా ఆడగా, దాని వెనుక తమ బండి కట్టినారు. అక్కడి నటులు తలకొక భాష మాట్లాడుదురు; మాటలు తరువాత వేరొకరు అతికింతురు. పెదవి ఒకటి చెప్పును, గొంతు ఒకటి చెప్పును. డబ్బింగు చిత్రములతో పెరిగిన మాకు అది తప్పుగా తోచనేలేదు.

ఆకర్షణ ఎక్కడ ఉన్నదని అడిగినచో, తీసినవాని చేయి కనబడుట యందే అని మేము అనుకొందుము. మైనము తల అని తెలియును, ఎరుపు రంగు అని తెలియును. తెలిసియు ఉలిక్కిపడుదుము, ఉలిక్కిపడినందుకు మరల నవ్వుకొందుము. ఆ విద్యార్థికి మేము నాడు చెప్పవలసిన సమాధానము మరియొకటి కలదు. భవభూతి మహాకవి 'మాలతీమాధవము' ఐదవ అంకమున మాధవుడు శ్మశానమున పిశాచములకు నరమాంసము అమ్మజూపును. అంత రక్తమును మనము పాఠ్యముగా ఒప్పుకొనినాము. 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' దాస్తానులో తెగిపడిన తలలకు లెక్కయే లేదు.

దోషములు తక్కువ కావు. కథ చిల్లుల గంప. నడుమ అర్థములేని హాస్యము, స్నానముల గది దృశ్యములు. ఇవి చిన్నవి. 1980లో రుజేరో దియోదాతో తీసిన 'కానిబల్ హోలోకాస్ట్'లో నటులను నిజముగనే చంపినాడని కేసు పెట్టగా, వారు బ్రతికియున్నారని అతడు చూపవలసి వచ్చినది. మనుషులు బ్రతికినారు, కాని అందులో చంపిన జంతువులు నిజముగనే చచ్చినవి. దీనిని మేము పూర్తిగా చూడలేదు, చూడము కూడ. అన్నిటికంటె పెద్ద దోషము, ఈ చిత్రములలో చచ్చినవాని కొరకు ఏడ్చువారుండరు. గౌరన హరిశ్చంద్రలో కాటి నడుమ చంద్రమతి శోకము వినబడును. మర్సియాలో ప్రతి గాయమునకును ఒక తల్లియో, చెల్లెలో ఉండును. ఇక్కడ శవము పడగానే కెమెరా తరువాతి గదికి పోవును. రామ్సేల సామ్రిగా నటించిన అనిరుద్ధ అగర్వాల్ ఇంజినీరింగు చదివిన మనిషి. ఆయన ఎత్తును, ముఖమును చూచియే ఆ పాత్రకు తీసుకొనినారు. మనిషి ముఖమే రాక్షసుని ముఖమైనది. ఇది మాకు సిద్దాంతముగా తెలిసిన విషయము కాదు.

మా వాడకట్టుకు ఈతాకు చీపుర్లు అమ్ముటకు ఒక అవ్వ వచ్చెడిది. చాల పొడవైన మనిషి. ఒక కంటిలో పొర. వీడియో వేసిన నాలుగవ దినమున మా గుంపులో ఎవరో ఆమెను చూచి "సామ్రి వచ్చిండ్రో!" అని అరచినారు. ఎవరో అనుట ఎందుకు, మేమే అరచినాము. బడిలో మమ్ములను 'మాయల ఫకీరు' అని పిలిచెడివారు. బాలనాగమ్మ కథ తెలిసిన ఊరిలో మా పేరుగల పిల్లవానికి అది తప్పదు. ఆ పిలుపు ఎట్లు తగులునో తెలిసియు, మరియొకరికి పేరు పెట్టునప్పుడు మాకు గుర్తు రాలేదు. ఇంకను చెప్పవలెనన్న, ఆ దినము మొదలు మమ్ములను ఫకీరు అని పిలుచుట తగ్గినది.

పదిహేను దినములకు ఒకరి పాడిబర్రె చచ్చినది. బాణామతి అను మాట మా జిల్లాలో ఉత్తమాట కాదు. ఆ అనుమానముతో మనుషులను చెట్టుకు కట్టి కొట్టినారు, చంపినారు కూడ. పిల్లలు పెట్టిన పేరు పెద్దల నోటికి ఎక్కినది. "దాని చూపు మంచిది గాదు" అని ఒకరన్నారు. "బర్లు నిలుచున్నకాడనే సస్తయట" అని మరియొకరన్నారు. ఆ వాక్యము మాది. మా గుమ్మము ముందు నిలిచి, మాకే వినిపించినది. ఒక రాత్రి కొందరు కట్టెలు పట్టుకొని బయలుదేరగా, దర్జీ పని చేయు మా నాయన, ఇంకను ఇద్దరు పెద్దమనుషులు అడ్డము నిలిచి, గజ్వేలు నుండి పశువుల డాక్టరును పిలిపింతమని తెల్లవారువరకు ఆపినారు. డాక్టరు వచ్చి ఏదో జబ్బు పేరు చెప్పినాడు. కట్టెలు ఇండ్లకు పోయినవి. అవ్వ మాత్రము మా వాడకు వచ్చుట మానినది.

రంజాను పండుగనాడు మా అమ్మ గిన్నెలో షీర్‌ఖుర్మా పోసి, "జా బేటా, అవ్వకు దేకే ఆ" అని మమ్ములనే పంపినది. తెలిసి పంపినదో, తెలియక పంపినదో ఈనాటికిని అడుగలేదు. ఊరి చివర గుడిసె. అవ్వ అరుగు మీద కూర్చుండి తిన్నది. తినుచు, "కొడుకా, గా సిన్మల ఉన్నది నాలెక్కనే ఉంటదా?" అని అడిగినది.

"ఆడది గాదవ్వా. మొగోడు."

"మొగోడా!" అని కొంతసేపు నవ్వినది. పిదప, "మరి బర్లను సంపుతడా?" అన్నది.

"లేదవ్వా. సంపడు. నేనే గట్ల చెప్పిన."

అవ్వ మా వైపు పొర లేని కంటితో చూచినది. ఏమియు అనలేదు. లేచి గిన్నె కడిగినది. వట్టి గిన్నె పంపరాదని, చూరులో నుండి ఒక చీపురు తీసి మా చేతికిచ్చి, "మీ అమ్మకియ్యి, పైసలు వద్దను" అన్నది. కొన్నాళ్లకు బిడ్డ ఊరికి వెళ్లిపోయినది. మరల మేము చూడలేదు.

కమిటీ వారికి మేము 'పురానా మందిర్' వేయవచ్చుననియే చెప్పినాము, కాని ప్రదర్శనకు ముందు పావుగంట మాట్లాడుటకు మాకు అవకాశము ఇయ్యవలెనని కోరినాము. వారు చివరకు ఒక దేశభక్తి చిత్రము వేసినారు. సగము మంది విద్యార్థులు వరండాలో ఉండిరి. ఆ పావుగంటలో చెప్పదలచినది ఇదియే.