పద్నాలుగో స్థానం

మా సంఘం తరఫున బళ్లలో కార్యక్రమాలు చేసేటప్పుడు నా వంతు ఎప్పుడూ విభూతే. ఖాళీ చెయ్యి గాల్లో తిప్పి విభూతి రాలుస్తాను. పిల్లలు నోళ్లు తెరుస్తారు. తర్వాత బొటనవేలి సందులో దాచిన బిళ్ల చూపిస్తాను. గంజిలో కలిపి ఆరబెట్టిన విభూతి, అంతే. చివర్లో చెప్పే మాట కూడా ఏళ్ల తరబడి ఒకటే: "ఆయన చూపించిన చెయ్యి కాదర్రా, చూపించని చెయ్యి చూడండి." లెక్కల మాస్టార్ని కదా, రుజువులేనిదే రెండూ రెండూ నాలుగని కూడా ఒప్పుకోనని మా ఆవిడ వెక్కిరిస్తూంటుంది.

అలాంటి నేను ఒక టీవీ తెర మీది అంకెల్ని మారుమాట లేకుండా నమ్మాను. ఆ సంగతి చెప్పాలి.

టీవీలో తయారైన అమ్మాయిల పాటల బృందం అంటే నాకు తెలిసింది వివా ఒక్కటే. 2002లో చానెల్ వి వాళ్లు దేశమంతా వెతికి అయిదుగురు అమ్మాయిల్ని ఏరారు. రెండు ఆల్బమ్‌లు వచ్చాయి, తర్వాత విడిపోయారు. వాళ్లలో నేహా భసీన్ '1 నేనొక్కడినే'లో, 'జనతా గ్యారేజ్'లో పాడితే మనవాళ్లు విన్నారు కూడా. కాబట్టి 2018లో మా అమ్మాయి (అప్పుడు తొమ్మిదో తరగతి) కొరియా వాళ్ల 'ప్రొడ్యూస్ 48' అనే కార్యక్రమానికి అతుక్కుపోతే నాకేమీ వింతనిపించలేదు. వింతనిపించింది దాని పరిమాణమే. కొరియా, జపాన్‌ల నించి 96 మంది అమ్మాయిలు. వారం వారం ఓట్లు, వారం వారం ఏడుపులు. చివరికి మిగిలే 12 మందితో ఒక బృందం. ఆఖరి రోజు ఓటు ఎస్సెమ్మెస్ ద్వారా, ఒక్కోటి 100 వన్‌లు, అంటే మన డబ్బుల్లో ఆరు రూపాయల చిల్లర. ఇక్కణ్ణించి ఓటెయ్యడానికి వీల్లేదు కాబట్టి మా ఇంటి ఖర్చు డేటాకే పరిమితమైంది.

మా అమ్మాయి అభిమానం లీ గాఉన్ మీద. అంతకు ముందే ఒక బృందంలో ఏళ్ల తరబడి ఉండి, అవకాశాల్లేక మళ్లీ చిన్నపిల్లల వరసలో వచ్చి నిలబడిన మనిషి. పోటీ పొడుగునా ముందువరసలోనే ఉంది. ఆగస్టు 31, శుక్రవారం సాయంత్రం ఆఖరి భాగం. గాఉన్‌కి వచ్చింది 14వ స్థానం. ఆవిడ పైన 13లో హాన్ చోవన్. ఇద్దరూ ఇంటికి.

మా అమ్మాయి ఆ రాత్రి అన్నం తినలేదు. "ఏదో జరిగింది నాన్నా, నిన్నటిదాకా పైనున్న మనిషి ఒక్కసారి అంత కిందకి ఎలా పడిపోతుంది?" అంది.

నేను ఓదార్చవలసింది పోయి పాఠం చెప్పాను. "ఓట్లేసింది లక్షల మంది, లెక్క కళ్లముందుంది. నీకు నచ్చిన మనిషి ఓడిందని మోసమంటే, ఓడిపోగానే ఓటింగ్ మెషీన్ల మీద పడే మన నాయకులకీ నీకూ తేడా ఏంటమ్మలూ? అనుమానం ఉంటే ఆధారం తే." దాని దగ్గర ఆధారం లేదు. నోరుమూసుకుని వెళ్లి పడుకుంది. మంచి శిక్షణ ఇచ్చానని నేను కూడా హాయిగా పడుకున్నాను, సిగ్గులేకుండా.

ఆ 12 మందితో తయారైన బృందం పేరు ఐజ్‌వన్. ఆ అక్టోబరు 29న మొదటి రికార్డు వచ్చింది, పెద్ద విజయమే సాధించింది.

మరుసటేడు అదే చానెల్, ఎమ్‌నెట్, అదే పోటీ మగపిల్లలతో పెట్టింది. జులై 19న ఫలితాలు వచ్చాయి. ఆ వారమే మా అమ్మాయి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "లెక్కల మాస్టారు కదా, ఇది చూడు." మొదటి స్థానం 13,34,011 ఓట్లు. రెండు 13,04,033. మూడు 10,79,200. నాలుగు 10,49,222. మీరూ తీసివెయ్యండి. ఒకటికీ రెండుకీ తేడా 29,978. మూడుకీ నాలుగుకీ తేడా 29,978! ఇంకా కిందకి వెళ్తే అదే తేడా మళ్లీ మళ్లీ. అంతకన్నా విచిత్రం, చివర్లో మిగిలిన 20 మంది ఓట్లూ 7494.442 అనే ఒక్క అంకెకి గుణిజాలే. 178 పెట్టి గుణిస్తే మొదటి అబ్బాయి, 174 పెడితే రెండో అబ్బాయి, 144, 140. మనుషులు ఫోన్లు పట్టుకుని వేసిన ఓట్లు ఇలా ఒక మెట్ల వరసలో పడవు. ఆ అంకె మొత్తంలో 0.05 శాతం అనుకుంటే ఈ నలుగురికీ సరిగ్గా 8.9, 8.7, 7.2, 7 శాతాలు వస్తాయి. అంటే ఓట్లు లెక్కపెట్టి శాతాలు కట్టలేదు, శాతాలు ముందు పెట్టుకుని ఓట్లు కట్టారన్నమాట.

నేను రాత్రి పదకొండింటిదాకా కాలిక్యులేటర్ నొక్కుతూనే ఉన్నాను. అబద్ధమెందుకు, ఏ బాబా గుట్టు విప్పినప్పుడూ అంత ఆనందం కలగలేదు. చానెల్ వాళ్లు మొదట అంకెల సవరింపులో పొరపాటనీ, స్థానాల్లో మార్పేమీ లేదనీ అన్నారు. అభిమానులు ఊరుకోలేదు. చందాలేసుకుని లాయర్లని పెట్టుకుని ఫిర్యాదు చేశారు. ఇదంతా పట్టుకున్నది ఏ హేతువాద సంఘమూ కాదండీ, మనం 'పిచ్చి ఫ్యాన్స్' అని కొట్టిపారేసే పిల్లలు. మనం చెయ్యాలనుకునే పని వాళ్లు మనకంటే శుభ్రంగా చేశారు.

"మరి పోయినేడాది లెక్క?" అని అడిగింది మా అమ్మాయి. "దానికీ దీనికీ ముడిపెట్టకు, దేని ఆధారం దానికే" అన్నాను. పద్ధతి ప్రకారం సరైన జవాబే. చెప్పిన గొంతే సరైంది కాదు.

నవంబరు 5న నిర్మాత ఆన్ జూన్‌యంగ్ అరెస్టయ్యాడు. రెండు పోటీల్లోనూ తారుమారు చేశామని ఒప్పుకున్నాడు. ఏజెన్సీల వాళ్లు పెట్టిన ఖరీదైన విందులు కూడా కేసులోకొచ్చాయి. మగపిల్లల బృందాన్ని 2020 జనవరిలో రద్దు చేశారు. ఐజ్‌వన్‌ని మాత్రం కొనసాగించారు. ఆగిపోయిన ఆల్బమ్ ఫిబ్రవరి 17న వస్తే మొదటి వారంలోనే మూడున్నర లక్షలు దాటి అమ్ముడైంది. ఇక్కడ నా తర్కం కాస్త తడబడింది. విభూతి దొంగదని తేలితే విసిరెయ్యొచ్చు. ఈ పన్నెండు మందీ దొంగ కాదే! వాళ్ల పాట పాటే, వాళ్ల చెమట చెమటే. ఒప్పందం ముగిసి 2021 ఏప్రిల్‌లో విడిపోయాక కూడా వాళ్లలో జాంగ్ వన్‌యంగ్, మియావాకి సకురా లాంటివాళ్లు కొత్త బృందాల్లో మళ్లీ నిలబడ్డారు. ఎంపిక అబద్ధమైతే ఎంపికైనవాళ్లూ అబద్ధమవరు. ఇది రాయడం తేలికే, పక్కకి నెట్టబడ్డవాళ్లతో చెప్పడమే కష్టం.

2020 నవంబరు 18. ఆన్‌లైన్ క్లాసుల రోజులు. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. క్లాసు మధ్యలో లేచొచ్చి ఫోను నా చేతిలో పెట్టింది. అప్పీలు కోర్టు అన్యాయమైపోయిన 12 మంది పేర్లు బయటపెట్టింది. లీ గాఉన్ అసలు స్థానం 5. హాన్ చోవన్ అసలు స్థానం 6. నిర్మాతకి పడిన రెండేళ్ల శిక్ష ఖాయమైంది, 2021 మార్చిలో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది.

నేను నా వాదన వెతుక్కున్నాను. "2018లో నీ దగ్గర ఆధారం లేదు కదమ్మా" అన్నాను.

"నీ దగ్గరుందా?" అంది.

లేదు. తెర మీద ఒక అంకె ఉంది. లెక్కపెట్టిందెవరు, తనిఖీ చేసిందెవరు అని నేనడగలేదు. అది అనుమానాన్ని ఆధారం అనుకుంది. నేను ప్రకటనని ఆధారం అనుకున్నాను. రెంట్లో నాదే పెద్ద తప్పు, ఎందుకంటే చూపించని చెయ్యి చూడమని ఊరూరా తిరిగి చెప్పేది నేను. "సారీ" అన్నాను. మా ఇంట్లో ఆ మాట నా నోట అరుదు.

ఆ సాయంత్రం అది తొమ్మిదో తరగతి లెక్కల నోటుబుక్కు వెతికి తీసింది. వెనక పేజీలో ఆ రోజు రాసుకున్న ఇరవై పేర్లూ అలాగే ఉన్నాయి. 14 కొట్టేసి 5 వేసింది. 13 కొట్టేసి 6 వేసింది. ఇప్పుడు పన్నెండు మంది ఉండాల్సిన చోట పద్నాలుగు మందయ్యారు. తగ్గించాల్సిన ఇద్దరు ఎవరో కోర్టు చెప్పలేదు, చెబితే ఆ పిల్లలు బలిపశువులవుతారని. పెన్ను పట్టుకుని కాసేపు చూసింది. ఎవర్నీ కొట్టెయ్యకుండానే పుస్తకం మూసి అల్మైరాలో పెట్టింది.