ముందు న్యూయార్క్, తర్వాతే జెర్సీ

ఎడిసన్‌లో అద్దెకి దిగినప్పుడు నేను చూసుకున్నవి మూడే: అద్దె ఎంత, పిల్లలకి బడి ఎలాంటిది, స్టేషన్‌కి ఎంత నడవాలి. ఆఫీసు మన్‌హాటన్‌లో, ఇల్లు న్యూజెర్సీలో. పన్ను గురించి ఆలోచనే రాలేదు. క్వీన్స్‌లో ఉండివుంటే న్యూయార్క్ సిటీకి కూడా ఆదాయపు పన్ను, మూడు శాతం పైనే, కట్టాల్సి వచ్చేదని తర్వాత తెలిసింది. బయటినుంచి వచ్చి పనిచేసి వెళ్లేవాళ్ల మీద ఆ సిటీ పన్ను 1999లోనే ఎత్తేశారు. ఆ మేరకు నది ఇవతల ఉండటం మాకు కలిసొచ్చింది.

కలిసిరానిది మొదటి ఏప్రిల్‌లో బయటపడింది. ఆఫీసు ఇచ్చే జీతం-పన్నుల కాగితం డబ్ల్యూ-2లో, రాష్ట్ర పన్నుగా పట్టుకున్నది న్యూయార్క్‌ది ఒక్కటే. ఉండేది జెర్సీలో కదా అని సాఫ్ట్‌వేర్‌లో ముందు జెర్సీ రిటర్న్ పూర్తిచేశాను. నాలుగు వేల డాలర్ల పైచిలుకు బాకీ చూపించింది. గడువు దగ్గరపడింది, కట్టేశాను. ఆ తర్వాత న్యూయార్క్‌ది చేసి పంపాను.

వేసవిలో ఒక ఆదివారం మా ఆవిడ ఆ కాగితాలు భోజనాల బల్ల మీద పక్కపక్కన పరిచింది. "ఏమండీ, ఈ జీతం రెండు చోట్లా మొత్తానికి మొత్తం ఉంది. ఎక్కడా తగ్గించినట్టు లేదే?" అంది. జెర్సీ రిటర్న్‌లో ఇతర రాష్ట్రాలకి కట్టిన పన్నుకి క్రెడిట్ ఇచ్చే షెడ్యూల్, ఎన్‌జే-సీఓజే, ఖాళీగా ఉంది. న్యూయార్క్ లెక్క తేలకముందే జెర్సీది ముగించాను గనక అక్కడ వేయడానికి అంకె లేదు. ఎన్‌జే-1040ఎక్స్ వేసి సవరించుకుంటే నెలల తర్వాత డబ్బు వెనక్కి వచ్చింది. సవరణకి మూడేళ్ల గడువు ఉంటుంది కాబట్టి సరిపోయింది. మీరు నాలాగే నది దాటి పనికి వెళ్తుంటే, ముందు పని చేసే రాష్ట్రానికి నాన్‌రెసిడెంట్ రిటర్న్ (న్యూయార్క్‌కి ఐటీ-203) పూర్తిచేయండి. ఉండే రాష్ట్రం జోలికి ఆ తర్వాతే వెళ్లండి.

క్రెడిట్ అంటే కట్టిందంతా తిరిగొస్తుందని అనుకునేవాణ్ణి. అలా కాదు. గుండ్రంగా మా లెక్క చెప్తాను. జీతం 1,20,000 డాలర్లు, హైదరాబాద్‌లో ఫ్లాటు అద్దె, ఎఫ్‌డీ వడ్డీ కలిపి 6,000. జీతం మీద న్యూయార్క్‌కి పోయింది దాదాపు 5,500. అదే జీతం మీద జెర్సీ పన్ను 3,880 దాకా వస్తుంది. జెర్సీ క్రెడిట్ ఇచ్చేది ఆ 3,880 వరకే. మిగతా 1,600 ఏ రాష్ట్రమూ తిరిగివ్వదు. అంటే ఒకే జీతం మీద రెండుసార్లు కట్టం, కానీ రెండింట్లో ఎక్కువైనదే కడతాం.

ఇక ఆ 6,000 న్యూయార్క్‌లో సంపాదించింది కాదు. జెర్సీ మాత్రం తన నివాసి ఆదాయం ప్రపంచంలో ఎక్కడిదైనా లెక్కలోకి తీసుకుంటుంది. దానిమీద రెండొందల లోపు బాకీ వచ్చింది. ఇండియాలో టీడీఎస్ పట్టుకున్నారు కదా అనుకున్నాను. ఫెడరల్ రిటర్న్‌లో దానికి క్రెడిట్ ఉంది గానీ, జెర్సీ విదేశాలకి కట్టిన పన్నుకి క్రెడిట్ ఇవ్వదు. ఊళ్లో అమ్మానాన్నల అవసరానికని ఎఫ్‌డీలు వేసుకున్న మనవాళ్లు చాలామంది ఈ వడ్డీని ఫెడరల్‌లో చూపించి, రాష్ట్రానికొచ్చేసరికి మర్చిపోతారు. అందుకే దీన్ని ఇంత వివరంగా చెప్తున్నాను.

మా బావమరిదికి ఈ తంటా లేదు. ఉండేది పెన్సిల్వేనియాలో, పని ప్రిన్స్‌టన్‌లో. ఆ రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది. ఎన్‌జే-165 అనే ఒక్క కాగితం ఆఫీసులో ఇచ్చాడు, జీతం మీద పెన్సిల్వేనియాకి 3.07 శాతం కడుతున్నాడు, జెర్సీ అడగదు. న్యూయార్క్‌తో జెర్సీకి అలాంటి ఒప్పందం లేదు.

ఇంటినుంచి పనిచేసే రోజుల సంగతి నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. వారానికి రెండు రోజులు ఎడిసన్‌లో మా వంటింటి పక్కన కూర్చుని పనిచేసినా, అది నా వీలు కోసమే అయితే న్యూయార్క్ వాటినీ తన రోజులుగానే లెక్కేస్తుంది. కనెటికట్‌లో ఉంటూ మన్‌హాటన్‌లో పాఠం చెప్పే ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ అనే లా ప్రొఫెసర్ దీనిమీద కోర్టుకెళ్లి 2003లో ఓడిపోయారు. జెర్సీ 2023లో తనూ అలాంటి నియమమే తెచ్చి, అవే నియమాలున్న రాష్ట్రాల వాళ్లకి వర్తింపజేసింది. మధ్యలో మనం చేయగలిగింది రోజులు రాసిపెట్టుకోవడం. పోయినేడాది కంపెనీ పని మీద డాలస్‌లో క్లయింట్ దగ్గర తొమ్మిది రోజులున్నాను. అవి న్యూయార్క్ రోజులు కావు. కిరాణా షాపువాళ్లిచ్చిన తెలుగు క్యాలెండర్‌లో, తిథి పక్కన ఎర్ర పెన్నుతో 'డా' అని రాసుకున్నాను. ఆ తొమ్మిది గళ్లూ పనిరోజుల లెక్క చూపే ఐటీ-203-బీ ఫారంలోకి ఎక్కాయి. విమానం టికెట్లు, హోటల్ బిల్లులు ఆ క్యాలెండర్‌తోపాటే ఒక కవర్లో ఉన్నాయి.

ఈ ఏడాది మా ఆవిడకి జెర్సీలోనే ఉద్యోగం వచ్చింది. ఆమె జీతం మీద న్యూయార్క్‌కి హక్కు లేదు, కానీ ఉమ్మడి రిటర్న్‌లో నా రేటు తేల్చేటప్పుడు ఆ జీతాన్నీ కలిపి చూస్తుంది. జెర్సీకి నాలుగొందల డాలర్లు మించి బాకీ పడేలా ఉంటే మూడునెలలకోసారి ముందుగా కట్టాలి. ఆ బెడద లేకుండా, ఎఫ్‌డీ వడ్డీకి సరిపడేంత ఆమె జీతంలోంచే అదనంగా పట్టుకోమని ఎన్‌జే-డబ్ల్యూ4 నింపి మొన్న సోమవారం ఇచ్చాం.