మా పాపకు ఏ లెన్స్?

మా అమ్మాయి ఆరో తరగతి. ఈ ఏడాది మొదటి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో క్లాస్ టీచర్ గారు, "బోర్డు చూసి కాకుండా పక్కమ్మాయి నోట్సు చూసి రాసుకుంటోంది మేడమ్, ఒకసారి కళ్లు చూపించండి" అన్నారు. చూపిస్తే రెండు కళ్లకూ మైనస్ రెండు సైట్ ఉందని తేలింది.

మా అత్తగారు దిగులుపడిపోయారు. "ఆడపిల్లకి అప్పుడే కళ్లజోడేమిటమ్మా! అలవాటు పడితే ఇంకా పెరుగుతుంది. క్యారెట్లు తినిపించు" అన్నారు. ఈ మాట చాలా ఇళ్లలో వినిపించేదే. క్యారెట్ మంచిదే. కానీ పిల్లల్లో మైనస్ సైట్ ఎక్కువగా కనుగుడ్డు ఉండాల్సిన దానికంటే పొడవుగా పెరగడం వల్ల వస్తుంది. దాన్ని క్యారెట్ తగ్గించలేదు, కళ్లజోడు పెంచదు.

డాక్టరు గారు కళ్లలో చుక్కలు వేసి మరోసారి పరీక్ష చేశాకే పవర్ రాసిచ్చారు. పిల్లల కంటి కండరాలు చురుకైనవి. చుక్కలతో వాటికి విశ్రాంతి ఇవ్వకపోతే మెషీన్ ఉన్నదానికంటే ఎక్కువ మైనస్ చూపించవచ్చు. మొదటిసారి కళ్లజోడు రాయించుకునే పిల్లలకు ఈ పరీక్ష అయ్యిందో లేదో అడగడం మంచిది.

అసలు కథ ఆప్టికల్ షాపులో మొదలైంది. కౌంటరు మీద ఒక చార్టు పెట్టారు. మామూలు లెన్స్, బ్లూ కట్, ప్రీమియం బ్లూ కట్, సూపర్ థిన్ అంటూ మెట్టు మెట్టుకూ రేటు పెరుగుతోంది. "పిల్లల కళ్లు కదా మేడమ్, బెస్ట్ తీసుకోండి" అన్నాడు అబ్బాయి. పిల్లల పేరు చెబితే మనం కాదనలేమని అందరికీ తెలుసు. నేను చార్టు పక్కన పెట్టి, మా పాప రోజు ఎలా గడుస్తుందో వేళ్లు మడిచి లెక్కపెట్టాను. పొద్దున్నే కిక్కిరిసిన స్కూలు బస్సు, పీటీ పీరియడ్‌లో త్రోబాల్, సాయంత్రం కాలనీలో సైకిలు, రాత్రి లైటు కింద హోంవర్కు. ఈ రోజుకు పనికొచ్చేదే మాకు బెస్ట్.

అలా చూస్తే మొదట కావలసింది దెబ్బకు పగలని లెన్స్. మామూలు ప్లాస్టిక్ లెన్స్‌లో చూపు చాలా స్పష్టంగా ఉంటుంది, ధర తక్కువ. కానీ బంతి గట్టిగా తగిలితే పగిలి, ముక్కలు కంట్లోకి పోయే ప్రమాదం ఉంది. పాలీకార్బొనేట్ లెన్స్ అంత సులువుగా పగలదు, తేలిగ్గా ఉంటుంది, అతినీల లోహిత కిరణాలను తనంతట తానే ఆపుతుంది. అందుకే పిల్లలకు కంటి డాక్టర్లు దీన్నే ఎక్కువగా చెబుతారు. దీనికి గీతలు త్వరగా పడతాయి, కాబట్టి స్క్రాచ్ కోటింగ్ తప్పనిసరి. ట్రైవెక్స్ అనే మరో రకం కూడా దాదాపు ఇంతే గట్టిది, చూపు ఇంకొంచెం స్పష్టం, ధర ఎక్కువ. మేము పాలీకార్బొనేట్ తీసుకున్నాం. బిల్లు మీద ఆ పేరు రాయించాం.

ఇక సూపర్ థిన్ సంగతి. చిన్నప్పుడు మనమంతా ఎవరినో ఒకరిని "సోడాబుడ్డి" అని ఏడిపించినవాళ్లమే, లేదా అనిపించుకున్నవాళ్లమే. ఆ భయం మీదే పల్చటి లెన్సుల బేరం నడుస్తుంది. లెన్స్ మీద 1.50, 1.59, 1.67 అని చెప్పే అంకె ఇండెక్స్. అది పెరిగేకొద్దీ లెన్స్ పల్చనవుతుంది. మైనస్ లెన్స్ మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉంటుంది. మైనస్ రెండు లాంటి పవర్‌కు 1.59 పాలీకార్బొనేటే చాలు. పవర్ బాగా ఎక్కువైతేనే 1.67 గురించి ఆలోచించాలి. అంతకంటే ముందు, ముఖానికి సరిపోయే చిన్న ఫ్రేమ్ ఎంచుకుంటే మందమైన అంచు చాలావరకు కోతలోనే పోతుంది. దానికి అదనపు ఖర్చు లేదు.

బ్లూ కట్ గురించి నేను ఎక్కువసేపు ఆలోచించాను, ఎందుకంటే మా పాపకూ ట్యాబ్‌లో వీడియో పాఠాలున్నాయి. 17 పరిశోధనలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2023లో వచ్చింది. కంప్యూటర్ ముందు కళ్ల అలసటను తగ్గించడంలో బ్లూ కట్‌కూ మామూలు లెన్స్‌కూ తేడా కనిపించలేదని అందులో తేల్చారు. తెర నుంచి వచ్చే నీలి కాంతి ఎండలో ఉండే దానితో పోలిస్తే చాలా తక్కువ కూడా. ఆ డబ్బు యాంటీ గ్లేర్ కోటింగ్‌కు పెట్టాం. ట్యూబ్‌లైట్ల ప్రతిబింబాలు లెన్స్ మీద తగ్గుతాయి. అలసటకు మందు ఉచితమే. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడటం.

సైట్ పెరగడాన్ని నెమ్మది చేసే లెన్సులు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి. మధ్యలో మామూలు పవర్, చుట్టూ చాలా చిన్న లెన్సులు ఉంటాయి. అలాంటి ఒక రకం లెన్స్‌తో హాంకాంగ్‌లో 8 నుంచి 13 ఏళ్ల పిల్లల మీద రెండేళ్లు చేసిన పరిశోధనలో సైట్ పెరుగుదల సుమారు సగానికి తగ్గింది. ఉన్న సైట్‌ను మాత్రం ఇవి తగ్గించవు. ధర ఎక్కువ, రోజంతా పెట్టుకోవాలి. కాబట్టి ఇది షాపు కౌంటర్లో కాదు, డాక్టరు గదిలో తేల్చుకోవలసిన విషయం. మా డాక్టరు గారు ఆరు నెలలు చూసి, పవర్ వేగంగా పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. ఈలోగా రోజూ రెండు గంటలు ఆరుబయట గడపమన్నారు. హోంవర్కు, ట్యూషన్ల మధ్య ఆ రెండు గంటలు తీయడమే లెన్స్ కొనడం కంటే కష్టంగా ఉంది. ప్రస్తుతానికి సాయంత్రం ట్యూషన్ ఒకటి మానిపించాం.

చివరగా ఫ్రేమ్. అది పూర్తిగా పాపకే వదిలేశాం. తను ముదురు ఎరుపు ఎంచుకుంది. మేము చూసుకున్నది ముక్కు మీద నుంచి జారకుండా ఉందా, నల్లగుడ్డు సరిగ్గా లెన్స్ మధ్యకు వస్తోందా అన్నంతవరకే. తనకు నచ్చిన ఫ్రేమ్ ముఖం మీద ఉంటుంది, మనకు నచ్చిన ఫ్రేమ్ స్కూలు బ్యాగులో ఉంటుంది. ఎంత మంచి లెన్స్ అయినా బ్యాగులో ఉండి బోర్డు చూపించలేదు కదా.