తూకానికి వేసిన కాగితాలు

మా తాతగారి భోషాణంలోని కాగితాలు పదకొండు కిలోలు తూగాయి. అంకె ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం, తూకం దగ్గర నిలబడి పాత సామాన్ల అబ్బాయితో బేరమాడింది నేనే కావడం. చెదలు తిన్నవి తీసేసి తూస్తానన్నాడు వాడు. అన్నీ కలిపే తూయమన్నాను నేను. గెలిచాను కూడా.

ఇది 2011 నాటి మాట. తాతగారు పత్తికొండ వైపు ఒక పల్లెకు కరణం. ఆయన తర్వాత, 1984లో ప్రభుత్వం కరణీకాలు రద్దు చేసేదాకా ఆ పని మా పెద్దనాన్న చేశాడు. అప్పగించవలసిన లెక్కలు అప్పగించారు. అప్పగించక్కర్లేనివి భోషాణంలో ఉండిపోయాయి. ఇల్లు అమ్మేటప్పుడు వాటిని వేరుచేసే పని నా మీద పడింది. ట్రెజరీలో ముప్ఫై నాలుగేళ్లు చేసినవాణ్ణి, ఏది ఉంచాలో ఏది పారేయాలో నాకన్నా ఎవరికి తెలుస్తుందన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. మూడు కుప్పలు పోశాను. ఇంటివాళ్ల ఉత్తరాలు ఒకటి. ఫోటోలు ఒకటి. మిగిలిందానికి ఆఫీసు అలవాటు కొద్దీ 'ఇతరములు' అని పేరు పెట్టాను. మొదటి రెండూ స్కాన్ చేయించి, వంశవృక్షం జోడించి, వంద కాపీలు అచ్చు వేయించి బంధువులకు పంచాను. పెళ్లిళ్లలో ఇప్పటికీ దాని గురించి నన్ను మెచ్చుకునేవాళ్లున్నారు. మూడో కుప్పే ఆ పదకొండు కిలోలు.

దాని ఊసు మళ్లీ పన్నెండేళ్లకు, ఐర్లండులో వచ్చింది.

రోస్‌కామన్ కౌంటీలో స్ట్రోక్స్‌టౌన్ అని ఒక ఊరు. మన మండల కేంద్రమంత కూడా ఉండదు గానీ నడివీధి మాత్రం రథం తిప్పడానికి వేసినంత వెడల్పు. ఆ వీధి చివర రాతి కమాను, కమాను దాటితే మాహన్ వంశంవారి మేడ. డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఒక ఆదివారం తీసుకెళ్లింది. తోట బాగుంటుందని చెప్పింది. తోట నిజంగానే బాగుంది. అంతకుమించి దాని గురించి నాకేమీ గుర్తు లేదు.

మాహన్‌లకు ఆ నేల పదిహేడో శతాబ్దంలో, క్రాంవెల్ కాలపు భూపంపకాలలో దక్కింది. ఐర్లండు పార్లమెంటును బ్రిటన్ పార్లమెంటులో కలిపేయడానికి వత్తాసు పలికినందుకు 1800లో హార్ట్‌లాండ్ ప్రభువులన్న బిరుదూ దక్కింది. మేడలో వంటగది చూడాలి. పైన చుట్టూ కొయ్య వసారా ఉంటుంది. ఇంటి దొరసాని కిందికి దిగకుండా అక్కడి నుంచే వంటవాళ్లను కనిపెట్టేదట. వారానికి సరిపడా వంటల జాబితా ప్రతి సోమవారం పైనుంచి కిందికి జారవిడిచేదట. పనివాళ్లు పెరట్లో తిరుగుతూ దొరల కంటపడకుండా గుర్రపుశాలల దాకా భూమిలో సొరంగం కూడా తవ్వించారు. మనకూ మడీ దడీ ఉన్న వంటిళ్లు తెలుసు, వెనక వాకిళ్లు తెలుసు. మనిషి కనబడకూడదని సొరంగం తవ్వాలన్న ఆలోచన మాత్రం మనవాళ్లకు రాలేదు. బహుశా ఖర్చని.

1979లో ఆ ఎస్టేటును కొన్నది జిమ్ క్యాలరీ అనే స్థానిక గ్యారేజీ యజమాని. ఆయనకు కావలసింది లారీల వ్యాపారం పెంచుకోవడానికి కాస్త జాగా. మేడతో పాటు సామాన్లు వచ్చాయి, సామాన్లతో పాటు ఎస్టేటు ఆఫీసు కాగితాలు వచ్చాయి. ఊరికే తిరగేస్తుంటే ఒక అర్జీ చేతికి తగిలింది. అది చదివాక ఆయన లారీల సంగతి పక్కన పెట్టాడు. కాగితాలు తూకానికి వేయలేదు. ఆ గుర్రపుశాలల్లోనే 1994లో ఐర్లండు జాతీయ కరవు మ్యూజియం వెలిసింది. ఇప్పుడా దస్త్రాలన్నీ కలిపి యాభై వేలకు పైమాటే.

ఆ అర్జీ 1846 ఆగస్టు నాటిది. రాసుకున్నది క్లూనహీ అనే పల్లె కౌలుదార్లు. బంగాళాదుంపలు కుళ్లిపోయాయి, ఇంట్లో గింజ లేదు, పిల్లల ఆకలి ఏడుపు ఇంక ఎన్నాళ్లో తట్టుకోలేం, ఆదుకోండి. ఆపైన ఒక మెలిక: మేము చట్టం దాటే మనుషులం కాము, ఆకలి నెట్టుకొస్తే తప్ప. ఇంగ్లీషు పెద్దగా రానివాడికి కూడా ఆ వినయం వెనకున్న పంటిబిగువు తెలుస్తుంది.

మా అమ్మాయి పక్కన నిలబడి నెమ్మదిగా చదివి వినిపిస్తోంది. 'పరమ వినయంతో, తమ సమ్ముఖానికి మనవి చేసుకునేది' అన్న తరహా మొదలు వినగానే నాకు వెన్నులో ఏదో పాకింది. ఈ వరస నాకు తెలుసు. 'మహారాజశ్రీ తాశీల్దారు గారి దివ్యసముఖమునకు, తమ విధేయులు వ్రాసుకొన్న అర్జీ.' మూడో కుప్పలో ఉన్నవి ఇవే. శిస్తు మాఫీ చేయమని, బావి తవ్వుకోవడానికి అప్పిప్పించమని, 1952 కరవులో గంజి కేంద్రం మా పేటకు దగ్గరగా పెట్టించమని. రైతులు, కూలీలు వచ్చి అరుగు కింద కూర్చుని చెబితే తాతగారు రాసిన అర్జీల నకళ్లు.

"ఏంటి నాన్నా, ఒంట్లో బాగాలేదా?" అంది మా అమ్మాయి. కాళ్లు నొప్పులన్నాను.

క్లూనహీ అర్జీకి ఏమైందో ఆ గోడల మీదే ఉంది. 1845లో ఎస్టేటు మేజర్ డెనిస్ మాహన్‌కు సంక్రమించింది, మెడదాకా అప్పులతో. ఆయన ఏజెంటు, దాయాది కూడా అయిన జాన్ రాస్ మాహన్ లెక్క వేసి చూపించాడు. ఈ పేదల్ని ఏడాది పాటు వర్క్‌హౌసు అనే పేదల శాలలో పోషించే ఖర్చులో సగంతో వాళ్లను కెనడాకు ఓడెక్కించవచ్చు. నేను ట్రెజరీ మనిషిని. ఆ లెక్కలో తప్పు లేదు, అదే భయం. 1847లో 1,490 మంది పిల్లాజెల్లాతో రాయల్ కాలువ గట్టు వెంట డబ్లిన్‌కు నడిచారు. మధ్యలో వెనక్కి తిరిగిపోకుండా ఎస్టేటు బంట్రోతు వెంట ఉన్నాడు. లివర్‌పూల్ చేరి ఓడలెక్కారు. 'వర్జీనియస్' అనే ఓడలో ఎక్కింది 476 మంది. వాళ్లలో 158 మంది దారిలోనే సముద్రంపాలయ్యారు. క్యుబెక్ దగ్గర గ్రోస్ ఐల్ అనే దిబ్బ మీద దిగాక పోయినవాళ్లు వేరే. ఆ ఏడాది నవంబరు 2న మేజర్ మాహన్‌ను దారికాచి కాల్చి చంపారు. పేదల సహాయ మండలి సమావేశం చూసుకుని ఇంటికి వస్తుంటే! ఆ తర్వాత ఇద్దరిని ఉరితీశారు, మూడు వేల మందిని ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. ఐర్లండు మొత్తమ్మీద ఆ కరవులో పోయినవాళ్లు పది లక్షల మంది.

ఆ కాగితాలను దాచింది ఎవరు అన్న ప్రశ్న నన్ను తినేసింది. క్లూనహీవాళ్లు దాచుకోలేరు, వాళ్లకు పెట్టె కాదు కదా పైకప్పే మిగల్లేదు. దాచింది ఏ ఇంటి మీద ఫిర్యాదో ఆ ఇల్లే. జాలితో దాచలేదు. ఎవరెంత బాకీ, ఎవరేమన్నారు, రేపు కోర్టులో ఏం పనికొస్తుంది అన్న ఆఫీసు జాగ్రత్తతో దాచింది. ఒక గుమాస్తా కట్టకట్టి బీరువాలో పడేసిన దానికి నూట ముప్ఫై ఏళ్ల తర్వాత నోరొచ్చింది. మాహన్‌ల వైభవం గురించి మాహన్‌లు రాసుకున్న ఉత్తరాలు కూడా అక్కడున్నాయి. వాటి ముందు ఎవరూ ఎక్కువసేపు నిలబడటం లేదు.

ఉత్తరాలు అలా బతికాయి. ఫోటోల సంగతి వేరు. ఆ కరవు నాటికి కెమెరా పుట్టి ఆరేడేళ్లయింది. కానీ ఆకలితో ఉన్న మనిషి వైపు దాన్ని తిప్పిన దాఖలా లేదు. పత్రికల బొమ్మలే గానీ ఫోటో ఒక్కటీ దొరకలేదంటారు. ఇరవై ఏళ్లు తిరక్కుండా కెమెరా పెద్ద మేడల్లోకి వచ్చింది. అదే రోస్‌కామన్‌లో మోట్ పార్క్ అనే మేడలో పుట్టిన ఆగస్టా క్రాఫ్టన్‌కు ఫోటోగ్రఫీ పిచ్చి. 1866లో గాల్వే వైపు క్లాన్‌బ్రాక్ ప్రభువుల ఇంటికి కోడలిగా వెళ్లి, భర్తతో కలిసి ఫోటోల కోసమే ఒక చిన్న ఇల్లు కట్టించుకుంది. ఆ వంశంవాళ్లు తీసిన గాజు పలకలు వేల సంఖ్యలో డబ్లిన్ జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. మేడ మాత్రం 1984లో తగలబడిపోయింది.

స్ట్రోక్స్‌టౌన్ చివరి దొరసాని ఆలివ్ కథ విన్నప్పుడు కూడా మనసు చివుక్కుమంది. 1914 వేసవిలో పెళ్లి. ఆ నవంబరులోనే భర్త యుద్ధంలో పోయాడు. పెద్దింటి దుఃఖం దుఃఖం కాదనేంత మూర్ఖుణ్ణి కాను. కానీ ఆ దుఃఖానికి పేరుంది, తేదీ ఉంది, ముఖముంది. సముద్రంలో జారవిడిచిన 158 మందికి ఒక అంకె ఉంది.

తిరుగు ప్రయాణంలో కారు కాలువ పక్కగా పోతుంటే మా ధాత కరవు గుర్తొచ్చింది. 1876 నుంచి 78 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చేసిన కరవు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. దానికి ఫోటోలున్నాయి. హూపర్ అనే మద్రాసు సైన్యాధికారి ఎముకల గూళ్లలాంటి మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తీశాడు. పిల్లల పొట్టలూ, తల్లుల కళ్లూ అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. వాళ్లెవరో, ఏమన్నారో ఒక్క ముక్క లేదు. ఐర్లండులో మాట మిగిలి ముఖం పోయింది. మా దగ్గర ముఖం మిగిలి మాట పోయింది. మాటలు ఎక్కడో ఏ కరణం ఇంటి అటక మీదో ఉండి ఉంటాయి. ఒక ఇంటి అటక సంగతి నాకు కచ్చితంగా తెలుసు.

నేను అచ్చు వేయించిన పుస్తకం మళ్లీ తీశాను. తాతగారు కోటూ తలపాగాతో కూర్చున్న ఫోటో. మా అత్తయ్యల పెళ్లి ఫోటోలు. కాశీ నుంచి నాయనమ్మ రాయించిన కార్డు. ఇందులో ఒక్క ఉత్తరంలోనూ 1952 కరవు లేదు. మా ఇంటి గిన్నెలకు అది తగల్లేదు గనక ఉండదు. వంద కాపీల పుస్తకం చదివితే మా ఊళ్లో మేము తప్ప ఇంకెవరూ కాపురం లేరనిపిస్తుంది. సొరంగం తవ్వడానికి ఖర్చవుతుందని ఇందాక నవ్వాను కదా. నాకు ఎదురు డబ్బులే వచ్చాయి.

డబ్లిన్ నుంచే అన్నకు ఫోన్ చేశాను. "అన్నా, ఆ అర్జీల్లో ఏమైనా మిగిలాయా? అటక మీద గానీ, వదిన బట్టల పెట్టెలో అడుగున గానీ?"

"నువ్వే కదరా తూకం కాడ నిలబడింది," అన్నాడు. కాసేపాగి, "వాటి మీద చుట్టిన ఎర్రగుడ్డ ఉంది. మీ వదిన కుట్టుమిషను మీద కప్పుకుంది," అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక మనవడి నోటుబుక్కులో గుర్తున్నంత రాయబోయాను. గంజి కేంద్రం అర్జీ. నీలం సిరా. తాతగారి గొలుసుకట్టు రాత. కింద ఊదారంగు వేలిముద్రలు రెండు వరసలు. చిన్నప్పుడు నా బొటనవేలు వాటి మీద ఆనించి, ఎవరి వేలు ఎంత పెద్దదో చూసేవాణ్ణి. ఒక వేలి మీద అడ్డంగా కోత గాటు ఉండేది, కొడవలిదేమో. వరసకు ఏడో ఎనిమిదో. ప్రతి ముద్ర పక్కనా తాతగారు పేరు రాసి 'వేలిముద్ర' అని చేర్చేవాడు.

'వేలిముద్ర' అని పద్నాలుగుసార్లు రాశాను. పేర్ల చోట ఖాళీ వదిలాను.